ఖాళీ కంప్యూటర్ ఇవ్వకూడదు

నమోదు 1

ప్రారంభోత్సవం అంటే ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాలి. మాకు రిబ్బనూ లేదు, పెద్దమనిషీ లేడు. నేను ఒక పాత కీబోర్డును బోర్లించి అందులోని చీమల్ని దులిపాను, అసిరమ్మ పిన్ని చప్పట్లు కొట్టింది. అంతే, మా సంస్థ మొదలైపోయింది.

పేరు 'చేబదులు'. ఎగువ టవర్లవాళ్లు వాడి మూల పడేసిన కంప్యూటర్లను అడిగి తెచ్చుకుని, బాగుచేసి, దిగువ వరసల్లో కంప్యూటర్ కొనుక్కోలేని ఇళ్లకు ఇస్తాం. బాగుచేయడం నా పని, ఇళ్లకు చేర్చడం పిన్ని పని. మనుషులతో నాకు పడదు. రెండో మాటకే విసుగొస్తుంది. పేరు పెట్టింది కూడా పిన్నే.

"దానవంటే మొకం తిప్పీసుకుంతారు. చేబదులంటే దర్జాగా అట్టుకెల్తారు" అంది.

"తిరిగి ఇవ్వక్కర్లేని చేబదులేమిటి పిన్నీ?"

"అడగనంతవరకూ చేబదులే."

తొందర ఎందుకంటే, వానలు వెనకబట్టగానే ఉమ్మడి కుళాయి మూసేస్తామని ఈ మెట్టకు నీళ్లు లెక్కగట్టి పంచే యంత్రం, గణన, చెప్పేసింది. ఆ తర్వాత ఎవరి నీళ్లు వాళ్ల ఇంటి కుళాయిలోనే. ఆ కుళాయి తెరుచుకోవాలంటే అది మనుషులున్న ఇల్లేనని గణన నమ్మాలి. కార్డులకూ వేలిముద్రలకూ దొంగవి పుట్టాక అది కళ్లను నమ్మడం మానేసి చెవులు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే ఇంట్లోని కంప్యూటర్‌లోంచి కాసేపు వింటుంది. గిన్నెల మోత, పిల్లల ఏడుపు, మొగుడూ పెళ్లాల కీచులాట, వీటిలో ఏ ఇంటి చప్పుడు ఆ ఇంటిదేనని దాని లెక్క. నా ఇంటిని అది గుర్తుపట్టేది నా తిట్ల వల్ల. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కనప్పుడు నేను మొదలుపెట్టానంటే కుళాయి దానంతటదే తెరుచుకుంటుంది.

కంప్యూటర్ లేని ఇంటిని గణన వినలేదు. కాబట్టి నీళ్లివ్వదు. నాదీ పిన్నిదీ తప్ప దిగువ వరసల్లోని నలభై ఇళ్లూ అలాంటివే. సముద్రం ఒడ్డును మింగేశాక కట్టుబట్టలతో ఈ మెట్ట ఎక్కినవాళ్లే అందరూ. కంప్యూటర్ మాట దేవుడెరుగు, తలుపుకు గొళ్లెం లేని ఇళ్లు సగం.

నమోదు 2

ఎగువ టవర్లకు వెళ్లాను. భుజాన గోనెసంచి చూసి నన్ను లిఫ్టు ఎక్కనివ్వలేదు. మెట్లెక్కి, రొప్పుతూ తలుపు తట్టాను. ఒకావిడ మంచి కంప్యూటరే తెచ్చి ఇచ్చింది గానీ, చేతిలో పెట్టాక కూడా వదల్లేదు.

"మా ఇంటి మాట ఒక్కటి కూడా ఇందులో మిగలకూడదండీ. మా చప్పుడు ఇంకెవరింట్లోనో వినబడితే మా కుళాయికే ముప్పు" అంది.

"మొత్తం తుడిచేస్తాను. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది" అని మాటిచ్చాకే వదిలింది.

మాట నిలబెట్టుకున్నాను. హార్డ్ డిస్కును ఒకటికి రెండుసార్లు తుడిచి, కంప్యూటర్ పొద్దున్నే లేచి గణనకు చెవి అప్పగించే చిన్న ప్రోగ్రామ్ మాత్రం వేశాను. ఆ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లోంచి ఎలా వేయాలో పిన్నికి కూడా నేర్పాను. లేవగానే కంప్యూటర్ ఒక చప్పుడు చేస్తుంది, గంటో, పిట్ట కూతో, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చని ఆ సెట్టింగ్ కూడా చూపించాను. ఆవిడ ఇలాంటివి ఇట్టే పట్టేస్తుంది.

పెట్టె సర్దాక "ఇంక తీసుకెళ్లు, లోపల ఏమీ లేదు" అన్నాను.

"ఏటీ నేదా?"

"ఏమీ లేదు."

ఎత్తిన పెట్టెను కింద పెట్టేసింది. "ఖాళీది అట్టుకుని ఒకలింటికి ఎల్తారేటి ఇందూ? పొరుగింటోల గిన్నె తిరిగిచ్చినప్పుడు పిసరంత పంచదారన్నా ఎయ్యమా, ఉప్పుగల్లన్నా ఎయ్యమా? ఖాళీది ఇస్తే ఆ ఇల్లు ఖాళీ అయిపోద్ది."

"ఇది గిన్నె కాదు పిన్నీ."

"లోపల ఏదో ఒకటి పడతాది గదా? అయితే గిన్నే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సరే తల్లీ, నీకు తోచిన నాలుగు గింజలు వేసుకో. నన్ను వదిలేయ్" అన్నాను. మర్నాడు చూస్తే ఆ కంప్యూటర్ తీగకు పసుపుగుడ్డలో మూటగట్టిన బియ్యపు గింజలు వేలాడుతున్నాయి. నవ్వుకుని ఊరుకున్నాను.

నమోదు 5

మొదటి కంప్యూటర్ వెళ్లింది నీలవేణి ఇంటికి. ఆమెకిప్పుడు నెలలు నిండాయి. భర్త దాలినాయుడు ఎగువ టవర్ల గోడలకు రంగులేస్తాడు. మంగ అని నాలుగేళ్ల కూతురు ఉంది. వాళ్ల కుళాయిలోంచి మొదటిసారి నీళ్లు పడినప్పుడు వరస వరసంతా అక్కడే ఉంది. నేనూ వెళ్లాను, కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికని చెప్పుకున్నాను. నిజానికి నీళ్లు చూడ్డానికే వెళ్లాను.

నీలవేణి నా చేతులు పట్టుకుని "ఇందమ్మగారూ, బిందట్టుకుని లైన్లో నిలబడకుండా పురుడు పోసుకుంతాను" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత వరసగా పంచేశాం. ఎగువనుంచి నేను మోసుకురావడం, తుడవడం, దిగువకు పిన్ని మోసుకెళ్లడం. రోజూ వచ్చేటప్పుడు నాకో బిందె నీళ్లు తెచ్చిపెట్టేది. "ఒంటిమనిషిని, నాకిన్నేలా" అనేది. ఒంటరి మనిషికి మిగిలేటన్ని నీళ్లు ఎలా వస్తున్నాయో నాకు అడగాలని తోచలేదు. ఊరికే వచ్చిన నీళ్లను ఎవరు ప్రశ్నిస్తారు?

నమోదు 9

ఉమ్మడి కుళాయి మూసేశారు. గొట్టాన్ని కోసి, మూతికి సిమెంటు పెట్టారు. దిగువ వరసల్లో ఎవరూ కంగారుపడలేదు. నలభై ఇళ్లలోనూ కంప్యూటర్ ఉంది. నేను జీవితంలో ఒక్క పని సవ్యంగా చేశానని అనుకున్నాను.

నమోదు 10

దాలినాయుడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, కుళాయి తెరుసుకోలేదు. నిన్నే పురుడైంది, ఇంట్లో సుక్క నీళ్లు నేవు."

వెళ్లి కంప్యూటర్ విప్పాను. మైకు పనిచేస్తోంది. బోర్డు పొడిగా ఉంది. గణనకు లైను బాగానే వెళ్తోంది. మైకు మార్చాను, తీగ మార్చాను, చివరికి కంప్యూటర్‌నే మార్చాను. మర్నాడు పొద్దున కూడా కుళాయి తెరుచుకోలేదు. పక్కింటి కుళాయీ తెరుచుకోలేదు.

పుట్టింది మగపిల్లాడు. ఎర్రగా, పిడికెడంత ఉన్నాడు. నేను స్క్రూలు విప్పుతున్నంతసేపూ వాడు నావైపే చూస్తున్నట్టు అనిపించింది.

నమోదు 12

రోజుకు కొన్ని చొప్పున మూతపడుతున్నాయి. నాకు అంతు చిక్కడం లేదు. కనిపించిన ప్రతి కంప్యూటర్‌నూ విప్పుతున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి, అదే నన్ను చంపేస్తోంది. పాడైతే బాగుచేస్తాను. బాగున్నదాన్ని ఏం చేయను?

మెట్ట మొదట్లో ఉన్న గణన కిటికీ దగ్గరికి వెళ్లాను. మనిషి ఉండడు, గొంతు మాత్రం ఉంటుంది. వార్తలు చదివే గొంతు.

"నీలవేణి ఇంటి కుళాయి ఎందుకు మూసేశారు?"

"నీలవేణి ఉన్న ఇంటికి నీళ్లు అందుతున్నాయి."

"అందడం లేదు. ఇప్పుడే చూసి వస్తున్నాను."

"ఆ ఇల్లు రోజూ వినబడుతోంది. ఆ ఇంటికి నీళ్లు అందుతున్నాయి."

కిటికీని గుద్దాను. గుద్దిన చప్పుడు కూడా వింది కాబోలు, "మీ విన్నపం అందింది" అంది. నా వెనక నిలబడ్డవాళ్లు నన్ను నెట్టి తమ ఇళ్ల గురించి అడిగారు. అందరికీ అదే జవాబు. ఇల్లు వినబడుతోంది, నీళ్లు అందుతున్నాయి.

నమోదు 14

దిగువ వరసల్లో ఇప్పుడు పారుతున్న కుళాయి ఒక్కటే. అసిరమ్మ పిన్నిది. వరసల చివర షెడ్డులో నాదొకటి ఉంది, అది ఒక మనిషికి సరిపడా నీళ్లే ఇస్తుంది. ఈ రెండు కుళాయిల మీద నలభై ఇళ్లు బతకాలి.

పిన్ని గుమ్మంలోనే కూర్చుని చెంబులతో కొలిచి పోస్తోంది. తను తాగుతోందో లేదో తెలియదు. అయినా మాటలు మొదలయ్యాయి. "అందరివీ ఆపించీసి ఆవిడొక్కర్తే ఏలుతోంది" అని ఎవరో అన్నారు. "ఆ కంప్యూటర్లు తేకపోతే ఉమ్మడి కుళాయైనా ఉండేది" అని ఇంకెవరో నా మొహం మీదే అన్నారు. అది అబద్ధం, ఉమ్మడి కుళాయి ఎలాగూ పోయేది. కానీ దాహంతో ఉన్న మనిషితో వాదించి ఏం లాభం?

నీలవేణికి పాలు ఆగిపోయాయి. నా నీళ్లు సగం పట్టుకెళ్లి ఆమెకు తాగించాను. పిల్లాడు ఏడుస్తున్నాడు గానీ నోట్లో తడి లేదు. నాకు చాలా భయంగా ఉంది.

నమోదు 15

ఈరోజు తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేదేమో.

పొద్దున నీలవేణి ఇంటి అరుగు మీద మంగ ఒక్కతే ఇల్లాట ఆడుకుంటోంది. కొబ్బరిచిప్పలు గిన్నెలు, ఇటుకముక్క పొయ్యి. ఉన్నట్టుండి మెడ చాచి కోడిలా కూసింది. తర్వాత రెండు పొడి దగ్గులు దగ్గి, గొంతు లావు చేసుకుని "అసిరీ, టీలో పంచదార ఏసినావేటే?" అంది. ఆ వెంటనే కిలకిలా నవ్వింది. ఎదురింటి అరుగు మీదున్న పిల్ల కూడా సరిగ్గా అదే నవ్వు అందుకుంది.

స్క్రూడ్రైవర్ అక్కడే పెట్టి పిల్ల దగ్గరికి వెళ్లాను. పక్షుల జబ్బు వచ్చాక ఈ మెట్ట మీద కోడన్నది లేదు. మంగ పుట్టకముందే పోయాయి. ఈ పిల్ల కోడి కూత ఎక్కడ వింది?

"ఎవరు నేర్పారమ్మా నీకిది?"

"కంపీటరు లెగిసినప్పుడు ఇలాగే అంతాది" అంది మంగ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నీలవేణిని అడిగాను. "అన్నీ అలాగే లెగుస్తాయి కాబోలనుకున్నామమ్మా. మా వరసలో అన్నీ అలాగే లెగుస్తన్నాయి. బాగుంతాది, ఇల్లు నిండుగున్నట్టుంతాది" అంది.

నేను తిన్నగా పిన్ని ఇంటికి వెళ్లాను. నలుగురున్నారని కూడా చూడకుండా అరిచాను.

"కంప్యూటర్లలో ఏం పెట్టావు?"

"నాలుగు గింజలు" అంది. తెల్లబోయి చూస్తోంది.

"బియ్యం కట్టావుగా?"

"బియ్యం పెట్టికి. మరి లోపలికి?"

నమోదు 16

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. సముద్రం వచ్చేముందు పిన్ని ఎవరిదో పెళ్లికి లోపలి ఊరు వెళ్లింది. ఇంట్లో భర్త, కొడుకు, కోడలు. నువ్వు లేకపోతే ఇల్లెలా ఉందో విను అంటూ కొడుకు ఒక పొద్దుటి చప్పుడు ఫోన్‌లో పట్టి తల్లికి పంపాడు. కోడి కూస్తుంది. వెనక సముద్రం హోరు. భర్త రెండు పొడి దగ్గులు దగ్గి, ఆమె ఊళ్లో లేదన్న సంగతి మరిచిపోయి పంచదార సంగతి అడుగుతాడు. అది విని కోడలు గాజులు గలగలలాడేలా నవ్వుతుంది, ఫోన్ పట్టుకున్న కొడుకూ కిసుక్కుమంటాడు. అంతే. పిన్ని పెళ్లినుంచి బయల్దేరేసరికి తిరిగి వెళ్లడానికి ఊరు లేదు.

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే అది పెట్టుకుని వింటుంది. ఆయన అడిగినప్పుడల్లా "ఏసినాన్లే" అని జవాబు చెబుతుంది. గణన అది విని, ఆ ఇంట్లో నలుగురున్నారని నమ్మి, నలుగురి నీళ్లు ఇస్తోంది. ఆ మిగులు నీళ్లే ఇన్నాళ్లూ నేను తాగింది.

"మంచి ఇల్లు ఇందూ అది. ఏనాడూ ఖాళీగా నేదు. అందుకే అందరింటికీ అదే ఏసినాను" అంది.

తన దగ్గరున్న ఒకే ఒక్క విలువైన వస్తువును నలభై ఇళ్లకు పంచిపెట్టింది. తిడదామని వెళ్లినదాన్ని ఆవిడ పక్కనే కూర్చున్నాను. సెట్టింగ్ నేర్పింది నేను. నీకు తోచింది వేసుకోమని విసుక్కున్నదీ నేనే.

నమోదు 17

అదే నిమిషంలో పరుగెత్తి ఇల్లిల్లూ తిరిగి ఆ చప్పుడు తుడిచేశాను. పొద్దున్నే కుళాయిలు తెరుచుకుంటాయని చూస్తే, ఒక్కటీ తెరుచుకోలేదు. మళ్లీ కిటికీ దగ్గరికి పోయాను.

"చప్పుడు తుడిచేశాం కదా, ఇంకా ఎందుకు ఇవ్వడం లేదు?"

"చప్పుళ్లు పోల్చడం ఇటీవలే పూర్తయింది. ఒకే ఇల్లు చాలా చోట్ల ఉండదు. మొదట విన్న చోటే ఇల్లు. మిగిలినవి ఆ ఇంటి గదులు. నీళ్లు ఇంటికి అందుతున్నాయి."

"ఆ గదుల్ని వేరు చేయండి."

"ఇల్లు ఉన్నంతవరకు గదులు వేరుకావు."

"ఇల్లే లేకపోతే?"

"ఇల్లు వినబడడం ఆగితే, గదులు కొత్త ఇళ్లుగా వినబడవచ్చు."

"ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉంటుంది. చప్పుడు ఆగిపోతే ఆవిడకు నీళ్లు?"

"చప్పుడు లేని చోటు ఇల్లు కాదు."

ఇంత మర్యాదగా మాట్లాడే గొంతును నేను ఇంతవరకు ఇంతగా అసహ్యించుకోలేదు.

నమోదు 18

పిన్నితో చెప్పాను. విని, లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మిగతా ఇల్లల్లోవి తుడిసీసినావు కదా. నాది ముట్టుకోకు."

"నీది ఉన్నంతవరకు వాళ్లకు నీళ్లు రావు పిన్నీ."

"నా నీలు నేను తాగను. మొత్తం ఆలకే పోసీస్తాను. చాలదేటి?"

చాలదని ఇద్దరికీ తెలుసు. నలుగురి నీళ్లు నలభై ఇళ్లకు ఏ మూలకు? నేను గొంతు పెంచాను. చచ్చినవాళ్ల కోసం బతికున్నవాళ్లను ఎండగడతావా అన్నాను. అనగానే నాలుక కోసేసుకోవాలనిపించింది. పిన్ని లోపలికి పోయి తలుపు వేసేసుకుంది.

మధ్యాహ్నం ఆవిడ నీళ్లు పంచడానికి వెళ్లినప్పుడు తాళం లేని ఆ ఇంట్లోకి వెళ్లాను. కంప్యూటర్ చేబదులు పెట్టకముందే నేనిచ్చింది. తుడవడానికి నాకు అర నిమిషం చాలు. నా వేలు మీట మీదే ఉంది. గోడకు మేకుకి ఒక మగమనిషి చొక్కా వేలాడుతోంది, ఇస్త్రీ చేసి. ఈవిడ పెళ్లికి తీసుకెళ్లిన సంచిలో ఆయనది పొరపాటున వచ్చిందట, ఎప్పుడో చెప్పింది. నాకు చేతకాలేదు. బయటికొచ్చి గోడకు చేరబడి ఏడ్చాను. పిల్లాడు చచ్చిపోతాడేమోనని ఏడ్చాను, ఈవిడకు ఇంత అన్యాయం చేయాల్సి వస్తోందని కూడా ఏడ్చాను.

నమోదు 19

పిల్లాడు ఏడవడం మానేశాడు.

పిన్ని చెంబుతో నీళ్లు తెచ్చి నీలవేణికి తాగించి, వాణ్ని ఒళ్లోకి తీసుకుంది. నడినెత్తిన అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"మాడ లోపలికి దిగిపోనాది ఇందూ."

"ఆసుపత్రికి తీసుకెళ్దామంటున్నాడు దాలినాయుడు. అక్కడా గణన ఒప్పుకుంటేనే..."

"ఎత్తుకుని తిరిగితే ఏటవుద్ది? నీలు గావాలి ఈడికి." వాణ్ని తల్లికి ఇచ్చేసి లేచింది. "రేపొద్దున్న రా. ఒక్కసారి ఇనీసి తుడిసీస్తాను."

దారిలో ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. నాకు తట్టిన ఉపాయం చెప్పాను. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ దాచుకో, ఎక్కడా పెట్టకు, ఉంటుంది కదా అన్నాను.

"దాసుకుంటే ఇనకుండా ఉండగల్నేటి? ఒకనాడు పెట్టీస్తాను. ఆనాడు మల్లీ అందరివీ ఆగిపోతాయి" అంది. అంటూ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది, పాత ఫోన్ కూడా. ఆవిడ గురించి ఆవిడకే బాగా తెలుసు.

నమోదు 20

పొద్దున్నే వెళ్లాను. పిన్ని తలస్నానం చేయలేదు, నీళ్లు దండగని. ఉతికిన చీర మాత్రం కట్టుకుంది. కంప్యూటర్ లేచింది. కోడి కూసింది. సముద్రం వినబడింది. రెండు దగ్గులు. "అసిరీ, టీలో పంచదార ఏసినావేటే?"

"ఏసినాన్లే" అంది పిన్ని.

కోడలు నవ్వడం అయ్యేదాకా ఆగి, "ఏ మీట?" అని అడిగింది. చూపించాను.

"ఇది నొక్కీసినాక మల్లీ రాదా?"

"రాదు పిన్నీ."

నొక్కేసింది. ఫోన్‌లోదీ, పెన్‌డ్రైవ్‌లోదీ కూడా తనే నొక్కింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఇద్దరం కూర్చున్నాం. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

నమోదు 21

చప్పుడు తుడిచేస్తే సరిపోతుందనుకున్నాను. పొద్దున్నే వరసలన్నీ మూగబోయి ఉన్నాయి. జనం భయపడిపోయారు. నోరు విప్పితే ఇంకే తప్పు దొర్లుతుందోనని పిల్లల నోళ్లు కూడా మూసి కూర్చున్నారు. గణన వినడానికి అక్కడ ఏమీ లేదు.

నాకు పిచ్చెక్కింది. గుమ్మం గుమ్మానికీ వెళ్లి తలుపులు బాదాను. "మాట్లాడండి! తిట్టుకోండి! గిన్నెలు పడెయ్యండి! మీ ఇంట్లో రోజూ ఎలా చస్తారో అలా చావండి!" అని అరిచాను. ఎండిన నాలుకలతో నావైపు చూశారు తప్ప ఎవరూ కదల్లేదు. దాహంతో ఉన్నవాణ్ని పట్టుకుని గట్టిగా బతకమంటే ఎలా బతుకుతాడు?

దారి చూపింది పిన్నే. నీలవేణి ఇంట్లోకి వెళ్లి, కంప్యూటర్ ముందే చతికిలబడి, "ఈడికి పేరేటి పెడతారర్రా?" అని అడిగింది. నీలవేణి నీరసంగా తన తండ్రి పేరు చెప్పింది. దాలినాయుడు గోడ వైపు చూస్తూ తన తండ్రి పేరు గొణిగాడు.

"మీ నాన్న పేరా? తాగీసొచ్చి నన్ను కొట్టబోనాడు ఆయన" అంది నీలవేణి.

"మీ నాన్న మాత్రం? పెల్లిలో ఏటన్నాడో మర్సిపోయినావా?"

అంతే. మంగ ఇద్దరి మధ్యా దూరి తన పేరే పెట్టమని ఏడుపు లంకించుకుంది. చెంబొకటి గోడకు తగిలింది. ఎదురింటివాళ్లు నీలవేణి పక్షాన అరవసాగారు, పక్కింటివాళ్లు దాలినాయుడి పక్షాన. ఆ గొడవ వరసంతా పాకింది. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పాత కక్ష బయటికి తీశారు. చివరికి పిల్లాడు, ఆ పిడికెడు పిల్లాడు, సన్నగా కీచుమన్నాడు.

నీలవేణి కుళాయి దగ్గింది. తుప్పునీళ్లు కక్కింది. తర్వాత మంచినీళ్లు వచ్చాయి. ముందుగా ఎవరూ తాగలేదు. పిల్లాడి పెదాలు తడిపాక తాగారు.

నమోదు 24

నలభై కుళాయిలూ పారుతున్నాయి. పిల్లాడు పాలు తాగుతున్నాడు. పేరు ఇంకా తేలలేదు, తేలనివ్వరు కూడా. ఆ గొడవే వాళ్ల ఇంటి చప్పుడు ఇప్పుడు.

అసిరమ్మ పిన్ని కుళాయి మూతపడింది. కిటికీ చెప్పినట్టే జరిగింది. ఒంటరి మనిషి, గిన్నె కూడా నెమ్మదిగా దించే మనిషి. ఆ ఇంట్లో వినడానికేముంది?

ఈ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు. ఈ ఉదయం నా షెడ్డు గుమ్మంలో చంకన బిందెతో నిలబడితే తెలిసింది. బిందె అందుకుని చూస్తే అడుగున గుప్పెడు మునగాకు ఉంది.

"ఇదేంటి పిన్నీ?"

"ఖాళీ బింద అట్టుకుని ఒకలింటికి ఒస్తారేటి?"

నా పద్ధతిలో అరిచేశాను. "రోజూ ఈ బిందె మోసుకుంటూ నా గుమ్మం తొక్కుతావా? నడుము విరుగుతుంది. నోరు మూసుకుని నీ సామాను తెచ్చుకుని ఇక్కడే పడుండు."

"నీ తిట్లు ఎవలు పడతారమ్మా?"

"పడొద్దు. తిరిగి తిట్టు. గణనకు ఇల్లన్నట్టు వినబడుతుంది."

ఆలోచించి, "నీకు టీ పెట్టడం రాదు" అంది. అంటే ఒప్పుకున్నట్టే. దాలినాయుడు వచ్చి ఆవిడ పెట్టె మోసుకొచ్చాడు. ఆ ఇస్త్రీ చొక్కాను మాత్రం తనే చేత్తో పట్టుకుని నడిచొచ్చింది.

నమోదు 25

చేబదులుకు ఎగువనుంచి మరో కంప్యూటర్ వచ్చింది. తుడిచాను. దీంట్లో ఏం వేద్దామని పిన్నిని నేనే అడిగాను. "తీసుకున్నోలు ఏస్కుంటారు" అంది. తీగకు బియ్యం మూట మాత్రం కట్టింది.

పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా ఇంటి కంప్యూటర్ ఏ చప్పుడూ లేకుండా లేచి వినడం మొదలుపెట్టింది. పిన్ని పక్క చుడుతోంది. చుడుతూ చుడుతూ రెండు పొడి దగ్గులు దగ్గింది. గొంతు లావు చేసుకుని, "అసిరీ, టీలో పంచదార ఏసినావేటే?" అంది. ఒక క్షణం ఆగి, తన మామూలు గొంతుతో "ఏసినాన్లే" అని జవాబు చెప్పుకుంది. తను అన్నట్టు ఆవిడకే తెలియదు. చేతులు పక్క చుడుతూనే ఉన్నాయి.

మూసేసిన ఇంటి గొంతు మళ్లీ వినబడిందని నలభై కుళాయిలూ ఆపేస్తే? పొయ్యి వదిలేసి కంప్యూటర్ ముందుకు పరుగెత్తాను.

"కొత్త ఇల్లు గుర్తించాం. సభ్యులు ముగ్గురు. సంఖ్య సరైనదేనా?" అని అందులోంచే అడిగింది గణన.

పిన్ని తలెత్తి చూసింది. నేను చూసిన చోటికే చూసింది, మేకుకున్న చొక్కా వైపు.

"సరైనదే" అన్నాను.